క్లీటస్ చెప్పిన సేద్యం

మా కౌంటీలో ఎవరికెంత సేద్యపు సబ్సిడీ వచ్చిందో పేరుపేరునా పత్రికలో అచ్చయింది. ఆ జాబితాలో 'వెర్త్ బ్రదర్స్' అనే మా అన్నదమ్ముల భాగస్వామ్యం కింద మా మరిది క్లీటస్ పేరు చూసి, ఎవరో కౌంటీ సేద్యపు ఆఫీసుకు అడుగున సంతకం లేని ఉత్తరం రాశారు. పదకొండేళ్ళుగా ఎక్కడో ఎడారి ఊరు టూసాన్‌లో కూర్చున్న మనిషి ఇక్కడ కాన్సాస్‌లో గోధుమ ఎలా పండిస్తున్నాడని అడిగారు. ఆ ఆఫీసు కమిటీ మమ్మల్ని విచారణకు పిలిచింది. మాకున్న ఆధారం ఒక్కటే, నా ఆదివారాల నోటుబుక్కు. వారం వారం ఫోనులో క్లీటస్ ఏ చేనుకి ఏం చెయ్యమన్నాడో అందులో తేదీలతో సహా రాసి ఉంది. మొదటి ఎనిమిదేళ్ళ రాత నిజం. చివరి మూడేళ్ళది నా కల్పన. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా పక్కన పికప్పు నడుపుతూ వచ్చిన నా భర్త లైనస్‌కి కూడా తెలియదు.

గురువారం పొద్దున పది గంటలకు కమిటీ గది తలుపు మా వెనక మూసుకుంది.

ఆ ఆఫీసుకు నేను కొత్తేమీ కాదు. ఏటా ఏ చేలో ఏం వేశామో రాయించడానికి వస్తూనే ఉంటాం. ఎప్పుడూ కౌంటరుకు ఇవతల నిలబడి నవ్వుతూ మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళం. ఈసారి లోపల పొడుగు బల్లకు ఒక చివర కూర్చోబెట్టారు. రెండో చివర కమిటీ.

కమిటీ అంటే పైనుంచి దిగినవాళ్ళు కాదు. మేమే ఓట్లేసి కూర్చోబెట్టుకున్న ముగ్గురు రైతులు. అధ్యక్షుడు ఆంబ్రోస్ డింకెల్. మా తూర్పు గట్టు దాటితే అతని చేనే. అతని పక్కన రొజీనా కార్లిన్. భర్త పోయాక ఎనిమిది వందల ఎకరాలు ఒంటి చేత్తో చేసుకొస్తున్న మనిషి, మా అమ్మాయి బాప్తిస్మంలో జ్ఞానతల్లిగా నిలబడింది. మూడోవాడు మార్విన్ లైనస్‌కి మేనత్త కొడుకు. చుట్టాల విషయం వస్తే గదిలో ఉండకూడదని నియమం కాబట్టి, మేము రాగానే టోపీ తీసుకుని బయటికి పోయాడు. పోతూ పోతూ మా ముఖాలు చూడలేదు. ఎవరు లేచి వెళ్ళిపోతున్నా వెనకే పోయి ఆపడం నాకు అలవాటు. మార్విన్ వెనక తలుపు పడినప్పుడు కూడా సగం లేచి మళ్ళీ కూర్చున్నాను.

"కాఫీ అక్కడుంది. కావాలంటే పోసుకోండి" అన్నాడు ఆంబ్రోస్.

"నీ కాఫీ నాకక్కర్లేదు" అన్నాడు లైనస్.

"నాది కాదు, సర్కారుది. సర్కారుది తాగడం నీకు అలవాటేగా."

"ఆంబ్రోస్" అంది రొజీనా. "తగువాడాలంటే బయట పార్కింగులో ఆడుకోండి. ఇక్కడ కాదు."

ఆఫీసు డైరెక్టరు తెరీసా హోల్మ్ బల్ల మధ్యలో కూర్చుంది. మా ఊరిది కాదు. వచ్చి రెండేళ్ళయింది. ముప్పై అయిదేళ్ళు కూడా ఉండవు. మా ఇద్దరి చేతా ప్రమాణం చేయించి నెమ్మదిగా చెప్పింది.

"నియమం మీకు తెలిసిందే. ఒక మనిషి పేరున డబ్బు రావాలంటే ఆ మనిషి చేలో పనన్నా చెయ్యాలి, సేద్యం నిర్ణయాలన్నా చెయ్యాలి. టూసాన్‌లో ఉన్నా ఫర్వాలేదు, ఫోనులో చెప్పినా ఫర్వాలేదు. కానీ నిజంగా ఆయనే చెప్పి ఉండాలి. చెప్పలేదని తేలితే గత మూడేళ్ళదీ వడ్డీతో వెనక్కి కట్టాలి. కావాలని రాసినట్టు తేలితే ఆ తర్వాతి సంగతి నా చేతుల్లో ఉండదు."

మూడేళ్ళది. ఆ మాట వినగానే చేతులు బల్ల కిందికి తీసుకున్నాను. అంత డబ్బు కట్టాల్సి వస్తే బ్యాంకు మా ఇంటి చేను తీసుకుంటుంది. నూట అరవై ఎకరాలు, మధ్యలో ఇల్లు. లైనస్ పుట్టింది ఆ ఇంట్లోనే. వాళ్ళ అమ్మ కన్ను మూసిందీ అక్కడే.

"ఈ నోటుబుక్కు రాసింది మీరేనా?" అడిగింది తెరీసా.

"నేనే."

"ఫోను చేసేది కూడా మీరేనా?"

"అవును."

లైనస్ మధ్యలో అందుకున్నాడు. "అమ్మాయ్, దీన్లో దాచడానికేం లేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఈవిడ మా తమ్ముడితో మాట్లాడుతుంది. నేను గాదెల దగ్గరికి పోతాను. తిరిగొచ్చి 'ఏమన్నాడు' అంటాను. చెప్తుంది. చెప్పినట్టే చేస్తాను."

"మీరు మాట్లాడరా?"

"మాట్లాడను."

"ఎందుకని?"

"అది నా ఇంటి గొడవ. దానికి సబ్సిడీ ఏం రాదు."

రొజీనా తల దించుకుంది. ఆమెకు తెలుసు. మా అత్తగారు పోయినప్పుడు టూసాన్ నుంచి వచ్చే విమానం మంచు తుపానులో చిక్కుకుంది. ఒక్క రోజు ఆగుదామని నేను బతిమాలాను. లైనస్ ఆగలేదు. నేల ఇంకా గడ్డకట్టిపోతే గొయ్యి తవ్వడం కష్టమన్నాడు. క్లీటస్ వచ్చేసరికి మట్టి వేసేశారు. అతను సమాధి దగ్గరే నిలబడి, భోజనాలకు కూడా రాకుండా అద్దె కారు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ కారు వెనక దీపాలు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి. తర్వాతి ఆదివారం ఫోను చేస్తే, "ఇక ఈ ఫోన్లు వద్దు వదినా" అన్నాడు. గాదెల దగ్గర నుంచి లైనస్ వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతూ, "ఏమన్నాడు?" అని అడిగాడు. తమ్ముడు వద్దన్నాడని ఆ ముఖానికి చెప్పలేకపోయాను. "పడమటి చేలో ఈ యేడు జొన్న వెయ్యమన్నాడు" అన్నాను. లైనస్ తలూపి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. అలా మొదలైంది.

ఆంబ్రోస్ నోటుబుక్కు తన వైపు లాక్కుని, వేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పుతున్నాడు. ఒక చోట వేలు ఆగింది. అతను ఆ పేజీ చాలాసేపు చదివాడు. అందులో నాలుగే వాక్యాలున్నాయి.

"అల్వీనా" అన్నాడు చివరికి. "నిరుడు కాదు, ముందటేడు జూను. లైనస్‌కి గుండె కోసి కుట్టిన నెల."

"అవును."

"ఆ నెల ఇరవయ్యో తారీకు ఏం రాశావో చదవనా? 'క్లీటస్: కోత పడమటి చేను నుంచి మొదలుపెట్టించండి. తర్వాత ఇంటి చేను. తడి తగ్గేదాకా వాగు పక్కది ముట్టుకోవద్దు.'"

ఆ నెలలో నేను ఆస్పత్రికీ ఇంటికీ తిరుగుతున్నాను. నోటుబుక్కులో నాలుగు వారాలు ఖాళీగా ఉండిపోయాయి. ఖాళీలుంటే ఎవరైనా అడుగుతారని భయపడి, ఎండాకాలం వెళ్ళాక ఒక్క సాయంత్రం కూర్చుని అన్నీ నింపేశాను. కోత ఏ వరసలో జరిగిందో అదే వరస రాశాను. నిజానికి దగ్గరగా ఉంటే తప్పు తక్కువవుతుందనుకున్నాను.

"ఆ కోత ఎవరు కోశారు అల్వీనా?"

"మీరంతా."

"లెక్క చెప్పు. ఎన్ని మిషన్లు వచ్చాయి?"

"తొమ్మిది."

"తొమ్మిది కోత మిషన్లు. నా గోధుమ పండి నిలబడి ఉంది, పడమట వడగళ్ళ మబ్బు కమ్ముతోంది. అయినా నా చేను వదిలి మీ చేలోకి వచ్చాను. రొజీనా వచ్చింది. బయట కూర్చున్నాడే, ఆ మార్విన్ తన పాత మిషను ఈడ్చుకుంటూ పదిహేను మైళ్ళు వచ్చాడు. పడమటి చేను ముందు కోద్దామన్నది నేను. మీ గట్టు మీద నిలబడి గింజ కొరికి చూసి చెప్పాను. వాగు పక్కన తడి ఉంది, దిగబడతామన్నది రొజీనా. నువ్వు మాకు మాంసం కూరిన బీరాక్ రొట్టెలు పెట్టావు, పళ్ళేలు పట్టుకుని నిలబడి ఏడ్చావు కూడా. ఇప్పుడు ఈ కాగితం మీద మేం ఎక్కడున్నాం? టూసాన్‌లో ఎండ కాచుకుంటున్నవాడు మా చేత కోత కోయించాడా?"

అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"ఆ ఉత్తరం రాసింది నువ్వేగా" అన్నాడు లైనస్.

"నేను రాసి ఉంటే కింద పేరు పెట్టేవాణ్ణి. నీ సబ్సిడీ మీద నాకేం ఏడుపు లేదు లైనస్. నేనూ తీసుకుంటున్నాను, ఈ కౌంటీలో ప్రతివాడూ తీసుకుంటున్నాడు. కానీ మేం ఊరికే చేసిన పనిని కూడా నువ్వు వాడి ఖాతాలో వేసి అమ్ముకున్నావు చూడు, అది మింగుడు పడటం లేదు."

"వాడు ఫోనులో అదే మాట చెప్పి ఉండొచ్చుగా. ఇక్కడ పెరిగినవాడికి పడమటి చేను ముందు పండుతుందని తెలీదా?"

"తెలుసు. నీ తమ్ముడికి చాలా తెలుసు. మరి నీకు గుండె కోసినప్పుడు రావాలని ఎందుకు తెలీలేదు?"

లైనస్ మెడ ఎర్రబడింది. అతని చేతి మీద చెయ్యి వేసి శాంతపరుద్దామనుకున్నాను. నా చెయ్యి విదిలించుకున్నాడు.

"విను ఆంబ్రోస్. నా తమ్ముడు ఈ సేద్యం నడిపాడో లేదో నీకు రుజువు కావాలా? నా ఆవులు. నలభై ఏళ్ళు పెంచిన మంద. అరవై రెండు పశువులు. వాటిని అమ్మమని ఎవరు చెప్పినా వినేవాణ్ణి కాదు. డాక్టరు చెప్పాడు, వినలేదు. నువ్వు చెప్పావు, నిన్ను తిట్టాను. ఈవిడ చెప్పింది, నీకేం తెలుసు పో అన్నాను. క్లీటస్ చెప్పాడు. 'అన్నయ్యా, గడ్డి లేదు, నీ గుండె బాగాలేదు, మంచులో మేత మోసి చస్తావు, అమ్మెయ్' అన్నాడు. ఆ వారమే సంతకు తోలాను. వాడి మాట మీద తోలాను. ఇంతకంటే ఏం చేస్తాడు సేద్యం నడిపేవాడు?"

రొజీనా ఒక్కతే నావైపు చూసింది. ఆడదాని చూపు. వంటింట్లో నిలబడి మొగుడి కోసం మాటలు పేర్చుకోవడం ఏమిటో తెలిసిన మనిషి చూపు. నేను కళ్ళు తిప్పుకున్నాను.

"అయితే ఇది ఇక్కడే తేలిపోతుంది" అంది తెరీసా. ఫోనును బల్ల మధ్యకు జరిపింది. "ఆయన నంబరు మా దగ్గరుంది. ఆయననే అడుగుదాం."

"ఇప్పుడొద్దు" అన్నాను. "అక్కడ ఇంకా ఎనిమిదిన్నరే."

"ఎనిమిదిన్నరకు రైతు లేచే ఉంటాడు" అన్నాడు ఆంబ్రోస్.

"ముందు నన్నొకసారి చెప్పనివ్వండి. ఆయన ఒంట్లో బాగుండటం లేదు. నేను సాయంత్రం మాట్లాడి..."

"నువ్వు మాట్లాడింది చాలు అల్వీనా" అన్నాడు లైనస్. నా మీద కోపంతో కాదు, కమిటీ మీద కసితో అన్నాడు. "చెయ్యమ్మా. వాడి నోటితోనే వినండి. వినే చావండి."

అప్పుడే నిజం చెప్పేస్తే సరిపోయేది. ఒక్క వాక్యం. లైనస్ చెవిలో చెప్పినా సరిపోయేది. కానీ ఆ వాక్యం చెప్పిన మరుక్షణం అతనికి తమ్ముడు ఉండడు. మూడేళ్ళుగా గుమ్మంలో బూట్లు విప్పుతూ 'ఏమన్నాడు' అని అడిగే మనిషి ఇక ఆ మాట అడగడు. ఆ భయంతో చెప్పలేదు. తెరీసా నంబరు నొక్కింది. స్పీకరులో గంట మోగింది. మూడుసార్లు, నాలుగుసార్లు. ఎత్తకూడదని దేవమాతను వేడుకున్నాను.

ఎత్తాడు.

కాన్సాస్ నంబరు చూసి ఉంటాడు. హలో అనలేదు. ఊపిరి బరువుగా వినిపించింది. తర్వాత, ముసలితనం వచ్చేసిన గొంతు.

"వదినా? ఎవరు పోయారు?"

మూడేళ్ళుగా వారం వారం మాట్లాడుతున్నామని మేము ప్రమాణం మీద చెప్పాం. ఫోను మా ఇంటి నుంచనుకుని అతను అడిగిన మొదటి మాట అది. ఆంబ్రోస్ నోటుబుక్కు నెమ్మదిగా మూసేశాడు. ఆశ్చర్యం, అతని ముఖంలో గెలుపు కనిపించలేదు.

"వదినా, చెప్పు. అన్నయ్యేనా?"

"మిస్టర్ వెర్త్, నేను కౌంటీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు" అంది తెరీసా. "మీ అన్నయ్య, వదిన ఇక్కడే ఉన్నారు. ఈ మాటలన్నీ రికార్డవుతున్నాయి. మీ వ్యవసాయ భాగస్వామ్యం గురించి మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు ప్రతి ఆదివారం..."

"ఆగు" అన్నాడు లైనస్.

బల్ల మీదికి వంగాడు. రెండు అరచేతులూ ఫోనుకు అటూ ఇటూ ఆనించాడు. మూడేళ్ళ తర్వాత తమ్ముడితో మాట్లాడబోతున్నాడు.

"ఒరేయ్. నా ఆవుల్ని అమ్మమన్నావా నువ్వు?"

క్లీటస్ తెలివితక్కువవాడు కాదు. కౌంటీ ఆఫీసు, రికార్డు, ఆదివారం అన్న మూడు మాటలు చాలు అతనికి. అవునంటే ఇంటి చేను నిలుస్తుంది. కాదంటే పోతుంది. అతను లోపల వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తోంది. కానీ అబద్ధం ఆడటానికి మనిషికి ముందు దెబ్బ నుంచి తేరుకునే వ్యవధి కావాలి.

"అన్నయ్యా" అన్నాడు. "ఆవుల్ని అమ్మేశావా?"

లైనస్ నిలబడ్డాడు. నావైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. యాభై ఏళ్ళలో అతని కోపాలన్నీ నాకు తెలుసు. ఈ ముఖం ఎరగను.

"సంతలో చివరి ఆవు బండెక్కుతుంటే నువ్వు నా పక్కనే ఉన్నావు" అన్నాడు. "నేను ఏడుస్తుంటే, 'క్లీటస్ మంచికే చెప్పాడు' అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను. నీ ప్రాణం కోసం..."

"నా ప్రాణం సంగతి అడగలేదు. జొన్న వెయ్యమన్నది?"

"నేనే."

"పాత ట్రాక్టరు ఉంచుకోమన్నది?"

"నేనే లైనస్."

"నన్ను తలుచుకుంటున్నాడని చెప్పావు. కిందటి నెల. 'నిన్ను అడిగాడు' అన్నావు."

అన్నిటికంటే పెద్ద దొంగతనం అదేనని ఇద్దరికీ తెలుసు. లైనస్ జేబులోంచి పికప్పు తాళాలు తీసి నోటుబుక్కు మీద పెట్టాడు.

"నడుపుకుంటూ పో. నీకు అన్నీ వచ్చుగా" అన్నాడు.

"లైనస్, కూర్చో" అన్నాడు ఆంబ్రోస్. ఆ గొంతులో అధ్యక్షుడు లేడు, గట్టు పక్కవాడే ఉన్నాడు. "నీ గుండెతో అంత దూరం నడవలేవు."

"నువ్వు కూడా నా సేద్యం నడపకు."

తలుపు తీసి వెళ్ళిపోయాడు. బయట మార్విన్ ఏదో అడగడం, జవాబు లేకపోవడం వినిపించాయి. స్పీకరులో క్లీటస్ "వదినా, ఏమైంది? వదినా, ఉన్నావా?" అంటున్నాడు. రొజీనా చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది.

"మూడేళ్ళు" అంది నెమ్మదిగా. "జొన్న బాగా పండింది. ఆవుల్ని కరువు ముదరకముందే అమ్మారు. మేమంతా లైనస్‌కి తమ్ముడి తెలివి ఉందనుకున్నాం."

"అది ఆమెకేం పనికిరాదు" అన్నాడు ఆంబ్రోస్. "డబ్బు వచ్చింది క్లీటస్ పేరున, నిర్ణయాలు అతనే చెయ్యాలి. ఈవిడ నడిపినా క్లీటస్ వాటా రాదు."

"లెక్క సంగతి తర్వాత" అంది తెరీసా. ఆమె ముందు ఒక కొత్త కాగితం పెట్టుకుంది. నన్ను చూసిన చూపులో జాలి ఉంది గానీ, ఆ జాలి ఆమె కలం ఆపలేదు. "అల్వీనా గారూ, నేను ఇప్పుడు అడిగేదానికి మీ జవాబు నివేదికలో మొదటి వాక్యమవుతుంది. దాన్నిబట్టి మీవారు మోసంలో భాగస్వామా కాదా అనేది తేలుతుంది. జవాబు చెప్పకుండా ఈ గది దాటితే, ఇద్దరికీ తెలిసే జరిగిందని రాయాల్సి వస్తుంది. మీకు లాయరును పిలుచుకునే హక్కు కూడా ఉంది. ఆలోచించుకోండి."

కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోంది. మా ఇంటి దారి ఉత్తరానికి. లైనస్ దక్షిణానికి నడుస్తున్నాడు. అటు మాకు చేను లేదు, చుట్టాలు లేరు. పెద్ద రోడ్డు, దాని మీద బస్సు ఆగే చోటు ఉన్నాయి, అంతే. తల మీద టోపీ లేదు. గాలికి చొక్కా వీపుకు అంటుకుంది. కుడి చెయ్యి గుండె మీద ఉందో, జేబులో ఉందో ఇంత దూరం నుంచి తెలియడం లేదు.

నా జన్మలో వెళ్ళిపోయే మనిషి వెనక పరిగెత్తకుండా నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు లేస్తే అతన్ని అందుకోగలను. కానీ అతన్ని దొంగగా రాయించి వెళ్ళి అందుకోవాలి.

"అడగండి" అన్నాను.

"గత మూడేళ్ళుగా ఆ పొలాన్ని నడిపింది ఎవరు? ఆ సంగతి మీవారికి తెలుసా?"

క్లీటస్ స్పీకరులోంచి గట్టిగా, "వదినా, ఏమీ చెప్పకు" అన్నాడు.

కుర్చీలోంచి లేవలేదు. కిటికీ వైపు చూడటం మానేశాను.

"నేను నడిపాను" అన్నాను. "ఆయనకు తెలీదు. రాసుకోండి."